పిల్లి అడ్డొచ్చిన రోజు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఏళ్ల తరబడి గుండెల మీద బరువుగా ఉంది. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పబుద్ధవుతోంది.

నేను రియాద్‌లో ఒక ఇంటి డ్రైవర్ని. మాది జగిత్యాల వైపు. ఇక్కడ ఆడవాళ్లు బండి నడపొచ్చని హుకుం వచ్చిన ఏడాది, మా మేడం కుటుంబంతో సెలవులకు మలేషియా వెళ్లొచ్చింది. కౌలాలంపూర్‌లో తలకు గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్లు కార్లే కాదు, బస్సులూ నడుపుతున్నారట. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా అదే ముచ్చట. డ్రైవింగ్ స్కూల్లో చేరేలోపు కాస్త చేయి తిరగాలి, నువ్వు నేర్పు అంది.

సరే అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

శుక్రవారం బత్హా బజారులో కలిసే మనవాళ్లందరిదీ అప్పుడు ఒకటే భయం. మేడంలు స్టీరింగ్ పడితే మన వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని. నా భయమూ అదే. అదేనా? ఇప్పుడు సరిగ్గా చెప్పలేను.

పొద్దున్నే ఊరి చివర ఖాళీ జాగాలో నేర్పేవాణ్ణి. మూడో రోజుకే ఆమెకు చేయి కుదిరింది. నేను అబద్ధమేమీ ఆడలేదు. పక్క సీట్లో కూర్చుని, ఆమె మలుపు తిప్పినప్పుడల్లా గట్టిగా ఊపిరి పీల్చేవాణ్ణి. తలుపు పిడి పట్టుకునేవాణ్ణి. రోజురోజుకూ ఆమె చేతులు బిగుసుకుపోతుంటే చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు పిల్లి అడ్డొచ్చింది. ఆమె బ్రేకు వేసింది. అంత చక్కగా నేను కూడా ఆపలేను. పిల్లి తాపీగా దాటిపోయింది.

"తప్పు నాదేనా?" అని అడిగింది.

"అదే పిల్లాడైతే, మేడం?" అన్నాను.

దిగి, వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

ఎందుకన్నానా మాట? కడుపు కోసమే అనుకుందామంటే, కొన్నాళ్లకు నాకు వీసా ఇచ్చిన కఫీల్, ఆమె భర్తే, మాటల్లో మాటగా చెప్పాడు, ఆమె నేర్చుకున్నా నిన్ను పంపేవాణ్ణి కాదు, పిల్లల బడి పని ఎవరు చూస్తారని. మరైతే నా సీట్లో ఆమెను చూడలేకపోయానా? పిల్లి ఎదురైందని నాకే మనసులో కీడు తోచిందా? ఎంత తవ్వినా తేలదు.

కిందటి సెలవులో ఊరెళ్లి నా బిడ్డకు స్కూటీ నేర్పాను. రెండుసార్లు పడింది. "ఏం గాదు బిడ్డా, మళ్ల ఎక్కు" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. మేడంతో అనాల్సిన మాట కూడా అదే కదా.

మొన్న మేడం కూతురు తనూ డ్రైవింగ్ నేర్చుకుంటానంది. మన ఇంటి ఆడవాళ్ల చేతికి అది రాదు, కావాలంటే డ్రైవర్నే అడుగు అందట తల్లి. ఆ పిల్ల కారులోనే అడిగింది, అమ్మకు నిజంగా చేతకాలేదా అని. అద్దంలో చూశాను. మేడం కిటికీలోంచి మెట్రో స్టేషన్ వైపు చూస్తోంది. గట్టిగా ఊపిరి పీల్చాను. ఆ పిల్ల దాన్నే జవాబనుకుంది.

మేడంకి బండి బాగా వచ్చు. ఇదిగో, అనేశాను. అనాల్సింది మీతో కాదని తెలుసు.