ఎవరి పేరూ లేని బుకింగ్

జానకిరామ్‌కి ఎర్ర రంగు గిట్టదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, సిగ్నళ్ళ వెలుగులు కిటికీలోంచి కలల్లోకి జారే చోట పెరిగాడు. అతని తాత ఎర్ర దీపం చూసి బండి ఆపేవాడు. మనవడు ప్రోగ్రామరై ఆ దీపానికే ఆకుపచ్చ రంగు పూస్తాడు. జావా కోడ్‌లో ఏ ఎర్రర్ వచ్చినా నోరు నొక్కి, తెర మీద "విజయవంతం" అనిపించడం అతనికి వచ్చిన ఒకే ఒక్క విద్య. అదే ఊళ్ళో సర్కండా పేటలో అద్దెగది, తలుపు మీద "చీఫ్ ఆర్కిటెక్ట్" బోర్డు, లోపల అతనూ, అతని దగ్గర పనిచేసే రజినీ.

తెలుగు సంఘం హాలు బుకింగ్ యాప్ అతని సృష్టే. వచ్చే ఆదివారానికి హాలు తీసుకున్నవాళ్ళు రద్దు నొక్కారు. యాప్ పెళ్ళికూతురిలా ముసిముసిగా నవ్వి "విజయవంతం" అంది. తేదీ మాత్రం ఖాళీ కాలేదు. ఆ రోజే హైమావతి కూతురి ఓణీల ఫంక్షను. యాప్‌లో ఆవిడ పేరు వస్తే తప్ప తాళం ఇవ్వనన్నాడు సంఘం కార్యదర్శి. ఆవిడ నేరుగా సర్కండా వచ్చింది.

"ఏటి బాబూ, ఒద్దన్నోళ్ళు ఒద్దనీసేరు. నీ యాప్ ఒదల్దేటి?"

"నెట్ ప్రాబ్లమ్ ఆంటీ," అని జానకిరామ్ సర్వర్ ఆపి మళ్ళీ పెట్టాడు. తర్వాత రద్దు బటన్ రంగు మార్చాడు. తేదీ కదల్లేదు.

నోరు నొక్కిన ఎర్రర్‌ని రజిని బయటికి తీసింది. "సార్, మీరు కొత్త ఆబ్జెక్ట్, అంటే ఉత్త ఖాళీ నకలు, చేసి, బుకింగ్ నంబరూ తేదీ తగిలించి, దాన్ని తీసెయ్యమంటున్నారు. డేటాబేస్‌కి అదెవరో తెలీదు. అర్పా నది ఫోటోకి గండి కొడితే నది ఖాళీ అవుతుందా? ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే విడతలో, అసలు బుకింగ్‌ని వెతికి తెచ్చి, దాన్నే తీసెయ్యాలి."

"ఎర్రర్లు చదవడం జూనియర్ల పని. తీసెయ్యమన్న చోట మర్జ్, అంటే కలిపెయ్యమని, పెడితే చాలు."

పెట్టాడు. ఎర్రర్ పోయింది. మర్జ్ ఆ ఖాళీ ఆబ్జెక్ట్‌ని తెచ్చి అసలు బుకింగ్ మీద పరిచేసింది. పేరు పోయింది, ఫోను నంబరు పోయింది, తేదీ మిగిలింది. ఆదివారం హాలు ఇప్పుడు ఎవరూ కాని మనిషిది.

హైమావతి తెరలోకి తొంగి చూసింది. "అచ్ఛా! పేరు లేనోడికి ఇచ్చీసి, నన్ను బయిట నిలబెడతావేటి? ఆ కాళీలో నా పేరెట్టు."

జానకిరామ్ మొహం వెలిగింది. ఆవిడ పేరు రాసి మళ్ళీ మర్జ్ చేశాడు. ఆదివారం హైమావతిదైంది. తాళం కోసం ఆవిడ ఆటో ఎక్కేసింది.

"చూశావా ఆర్కిటెక్చరు?" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి.

"ఆవిడ అక్కర తీరింది సార్. రద్దు ఎప్పటికి పనిచేస్తుంది?"

"రద్దెందుకు? ఇకనుంచి పేరు మార్పు అని పెడదాం. హాలు ఖాళీగా ఉంటే సంఘానికేం లాభం?"

ఆ మాటే కార్యదర్శికి ఫోన్ చేసి, కొత్త సౌకర్యమని చెప్పాడు. కార్యదర్శి చాలా సంతోషించాడు.