పెళ్లికొడుకు టైర్లు

బందరులో నేను కారు చూపించుకునే షెడ్డులో వెనక గోడకి నాలుగు టైర్లు తగిలించి ఉండేవి. చక్రాలతో సహా, నల్లగా నిగనిగలాడుతూ. వాటిని అమ్మరు. ఎవరి బండికీ ఉంచెయ్యరు. పాత కారేదైనా బ్రేకుకి వెళ్లే రోజు పొద్దున్నే దాని చక్రాలు విప్పేసి ఇవి బిగిస్తారు. సాయంత్రం తిరిగొచ్చాక ఇవి విప్పి దాని పాతవి దానికి బిగించి పంపిస్తారు. షెడ్డులో వాటిని పెళ్లికొడుకు టైర్లనేవారు. మా వైపు బ్రేకంటే కాలితో తొక్కేది మాత్రమే కాదు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు బండిని నిలబెట్టి చూసి, ఇది రోడ్డు మీద తిరగొచ్చని తేల్చే పరీక్షని కూడా బ్రేకనే అంటాం. పదిహేనేళ్లు నిండిన కారుకి అది పాసైతేనే మరో ఐదేళ్లు ఆయుష్షు.

నా కారు నా చేతికి వచ్చేసరికే దానికి పదేళ్లు. మొదటి యజమాని ఓ బ్యాంకు ఉద్యోగి. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా వాడుకున్న మహానుభావుడు. నేను గుడివాడలో హైస్కూల్లో లెక్కల టీచర్ని, కాపురం బందరులో. రోజూ పెడన మీదుగా గుడ్లవల్లేరు చేరి, అక్కడ కాలేజీ బస్సుల వెనక పది నిమిషాలు తిట్టుకుంటూ పాకి, బడి గంటకి ముందే గేటులో ఉండేదాన్ని. వానాకాలం ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకునేది కాదు. హారన్ దానికి బుద్ధి పుడితేనే మోగేది. అయినా ఐదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను దారిలో దింపెయ్యలేదు. స్టాఫ్ రూములో ఎవరైనా దాన్ని డొక్కు అంటే నాకు కోపం వచ్చేది.

దాని ఆరోగ్యమంతా మా మెకానిక్ చలవే. అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. నేను భాయ్ గారు అనేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మా అనేవారు. కారు కింద గోనెపట్టా పరుచుకుని దూరి, లోపలినుంచే ఏమేం పోయాయో గట్టిగా చెబుతుండేవారు. కాగితం మీద ఒక్క ముక్క రాసేవారు కాదు. చెప్పింది విని గుర్తుపెట్టుకోవడం నా వంతు. ఒకసారి చుట్టాలొస్తే మంగినపూడి బీచికి తీసుకెళ్లానని తెలిసి గట్టిగానే కోప్పడ్డారు.

"వచ్చాక కింద మంచినీళ్లు కొట్టించారా? అసలే బందరు గాలి ఇనుముని తింటది. మళ్లా మీరు దాన్ని తీసకెళ్లి సముద్రం ఒడ్డున పెట్టారా!"

పదిహేనేళ్లు నిండుతున్నాయని ఓ శనివారం బ్రేకు కోసం చూపించడానికి తీసుకెళ్లాను. ఆయన గంటసేపు చూశారు. లేచి చేతులు తుడుచుకుంటూ చెప్పారు.

"ఇంజను బంగారం. వైపర్లు, లైట్లు, హ్యాండ్ బ్రేకు నేను చూసుకుంటా. టైర్లు మాత్రం మార్చెయ్యాలమ్మా. పైన గాట్లు ఉన్నయి గదా అని చూడమాకండి. పక్కలు చూడండి."

వంగి చూశాను. టైరు పక్కభాగమంతా సన్నటి పగుళ్లు. ఆయన గోరు పెట్టి ఒత్తితే పగులు నోరు తెరిచింది. స్టెప్నీ కూడా వీటి ఈడుదేనన్నారు.

"రెండు మూడు నెలల్లో కొత్త కారు తీసుకుంటున్నాను భాయ్ గారూ. పోయే కారుకి కొత్త టైర్లెందుకు?" అన్నాను.

"అయితే పెళ్లికొడుకుల్ని కట్టేద్దాం," అని నవ్వారు. తరవాత నవ్వు ఆపి, "కొనేవోళ్లకి మాత్రం చెప్పండమ్మా. ఈ టైర్లతో దూరం పోవద్దనండి," అన్నారు.

"చెబుతాలెండి," అన్నాను.

బ్రేకు రోజు ట్రాక్టర్ల మధ్య, స్కూలు బస్సుల మధ్య నా కారు నిజంగా పెళ్లికి వచ్చినట్టే నిలబడింది. ఇన్‌స్పెక్టరు చిన్నవాడు, పద్ధతైన మనిషి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించాడు. లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు. అదృష్టం, ఆ పూట మోగింది. నాలుగు చక్రాలూ తిరిగి చూసి, "బాగా మెయింటైన్ చేశారండీ," అన్నాడు. నాకు సిగ్గెయ్యాల్సింది. నిజం చెబుతున్నాను, గర్వంగా అనిపించింది. సాయంత్రం పెళ్లికొడుకులు గోడెక్కారు. నా పాత టైర్లు నాకొచ్చాయి. పాసైన కాగితం మాత్రం నా బ్యాగులోనే ఉంది.

క్లాసులో నేను ఎంత కచ్చితమైన మనిషినో చెప్పాలి. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక స్టెప్పు ఎగ్గొడితే అరమార్కు కోసేదాన్ని. పిల్లలు ఏడ్చినా వేసేదాన్ని కాదు. "నీకు తెలిస్తే సరిపోదు, చూసేవాళ్లకి తెలియాలి," అనేదాన్ని.

కారు అమ్ముతున్నానని తెలిసి మొదట అడిగింది మా స్కూలు రికార్డు అసిస్టెంటు. ఆయనది దివిసీమ, అవనిగడ్డ దాటాక ఓ పల్లె. వారమంతా గుడివాడలో అద్దె గదిలో ఉండి శనివారం ఇంటికి వెళ్లేవాడు. ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. ఆ పిల్లని నేను అప్పటికి రెండుసార్లే చూశాను కానీ ఆ పిల్ల నోటు పుస్తకం నాకు బాగా తెలుసు. సోమవారం తండ్రి చేతికిచ్చి లెక్కల్లో అనుమానాలు పంపేది. నేను వాటి పక్కన చేసి శనివారం తిరిగి పంపేదాన్ని. గుండ్రటి అక్షరాలు. ఒక్క స్టెప్పు కూడా ఎగ్గొట్టేది కాదు. ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంటుందని నాకు రూఢిగా తెలుసు. ఆ మాట తండ్రికి వందసార్లు చెప్పి ఉంటాను.

కారు చూడటానికి వచ్చినప్పుడు ఆయన దాని చుట్టూ భయంభయంగా తిరిగాడు. తలుపు తీసి వేశాడు. ఒక టైరుని కాలితో తాకి వెంటనే కాలు వెనక్కి తీసుకున్నాడు, నా ముందు అలా చెయ్యడం మర్యాద కాదేమో అన్నట్టు.

"టైర్లు ఎట్లా ఉన్నయ్యండీ మేడం గారూ?"

నేను బ్యాగులోంచి కాగితం తీసి చూపించాను. "బ్రేకు పాసయింది కదండీ, మొన్ననే," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆ వాక్యాన్ని అప్పటినుంచి ఎన్నిసార్లు తిప్పి చూశానో. ఎటు తిప్పినా అది అబద్ధమే. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివి, "ఇంకేం కావాలండీ, మీ చేతి బండి," అన్నాడు. ఆ తరవాత ఏదైనా బాగు చేయించాలంటే మా షెడ్డుకే వెళ్లమని సలహా కూడా ఇచ్చాను.

కొత్త కారుని చూపించడానికి షెడ్డుకి తీసుకెళ్లినప్పుడు భాయ్ గారు అడిగారు. "టైర్ల సంగతి చెప్పారామ్మా?"

"చెప్పాను," అన్నాను. దీనికి మాత్రం కాగితం అడ్డం లేదు. పచ్చి అబద్ధం.

ఎందుకు చెప్పలేదంటే పెద్ద కారణమేం లేదు. ధర తగ్గించమంటాడని కాదు, అడిగే మనిషి కాదు. నా కారుకి లోపం ఉందని నా నోటితో చెప్పడం ఇష్టం లేకపోయింది, అంతే. అంత చిన్న అహానికి ఇంత శిక్ష ఇంకొకరికి పడుతుందని ఎవరు అనుకుంటారు? ఊరి నుంచి అవనిగడ్డ దాకా తిరుగుతాడు, అదెంత దూరంలే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ప్రవేశ పరీక్షకి పాపకి బందరులో ఓ కాలేజీలో సెంటరు పడింది. పొద్దున తొమ్మిదికి పరీక్ష, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. హాల్ టికెట్టు జిరాక్సు నాకు చూపించి ఆయనే అన్నాడు. "ముందురోజే బస్సులో వచ్చి బందరులో మా బావగారింట్లో పడుకుందామనుకుంటున్నామండీ."

"ఎందుకండీ? కొత్త చోట పిల్లకి నిద్ర పట్టదు. కారుంది కదా, పొద్దున్నే చల్లగా బయల్దేరండి," అన్నాను.

అన్నాక ఒక్క క్షణం టైరు పక్కన ఆ పగులు కళ్లముందు మెదిలింది. ఉందని నాకు గుర్తే. పొద్దున పూట కదా, రోడ్డు కాలదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. నేనేం చెబితే అదే ఆ ఇంట్లో మాట.

తరవాత జరిగింది ఆయన చెబితేనే తెలిసింది. ఆరున్నరకే బయల్దేరారట. చల్లపల్లి దాటిన కాసేపటికి వెనక టైరు పేలింది. కారు పొలం గట్టు వైపు ఒరిగి ఆగింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. స్టెప్నీ బిగించుకుని వెళ్తే నాలుగైదు కిలోమీటర్లలో అదీ చీలిపోయింది. వచ్చే బస్సుకి చెయ్యెత్తితే నిండిపోయి ఉండి ఆగలేదు. ఓ ఆటో దొరికింది. గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు. గేటు వేసేశారు. తండ్రి ఊచలు పట్టుకుని బతిమాలాడట. పాప మాత్రం ఏడవలేదట, హాల్ టికెట్టు ఫైల్లో మళ్లీ సర్దుకుంటూ నిలబడిందట.

సోమవారం ఆయన చేతిలో నోటు పుస్తకం లేదు.

నాకు చెప్పడానికే వచ్చాడు. తిట్టడానికి కాదు. తిట్టి ఉంటే నేను బాగుపడేదాన్నేమో. "మీ మీద తప్పేం లేదండీ," అన్నాడు. నేను అనకముందే! "కారుని మీరు చెప్పిన షెడ్డుకే తీసుకెళ్లానండీ. భాయ్ గారు ఒప్పుకున్నారు. బ్రేకప్పుడు టైర్లు సరిగ్గా చూడకపోవడం ఆయన పొరపాటేనట. డబ్బులు తీసుకోకుండా నాలుగు టైర్లు బిగించి పంపారండీ. మంచి టైర్లు, కొత్తవాటిలా ఉన్నయ్యి."

ఆ సాయంత్రం నేరుగా షెడ్డుకి వెళ్లాను. వెనక గోడకి నాలుగు మేకులున్నాయి. వాటి కింద నాలుగు గుండ్రటి నల్లమచ్చలు, అంతే. భాయ్ గారు నన్ను చూసి కుర్చీ తుడిచి వేశారు. నేను కూర్చోలేదు.

"ఎందుకలా చెప్పారు భాయ్ గారూ?"

"పెళ్లికొడుకుల్ని కట్టింది నేను గదమ్మా. నాదీ ఉంది అందులో." కొంచెంసేపు స్పానర్లు సర్దారు. "ఆ మనిషి నా ముందు నిలబడి మా మేడం గారు అట్లా, మా మేడం గారు ఇట్లా అని ఒకటే చెబుతున్నాడు. నాకు నోరు రాలా. మిగతాది మీరే చెప్పుకుంటారనుకున్నా."

"చెబుతాను," అన్నాను. అదే మాట, అదే చోట, రెండోసారి.

చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే బడికి సెలవులొచ్చాయి, అయిపోయాయి కూడా. మరో ఏడాది కోచింగులో ఉంచే స్తోమత ఆయనకి లేదు. పాపని అవనిగడ్డలో డిగ్రీలో చేర్చాడు. భాయ్ గారు నన్ను ఇంకేమీ అడగలేదు. కానీ నా కొత్త కారు చూసినప్పుడల్లా ఏమేం పాడయ్యాయో ఇప్పుడు చీటీ మీద రాసి, కింద నా సంతకం తీసుకుంటున్నారు. మిగతా ఖాతాదార్లకి ఇప్పటికీ నోటిమాటే.

పాత కారు మాత్రం ఆ పెళ్లికొడుకు టైర్ల మీద దివిసీమలో దర్జాగా తిరుగుతోంది. ఇంజను బంగారమే.

పాప డిగ్రీలో చేరిన వారంలో తండ్రి స్టాఫ్ రూముకి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. "మీరే ఓ మాట చెప్పండి మేడం గారూ. ఆ భాయ్ పేరెత్తితే మండిపడతంది. పోయిందేదో పోయింది, మనసులో అంత కోపం పెట్టుకుంటే చదువేం ఎక్కుద్దండీ? మీ మాటైతే వింటది."

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది. తండ్రి నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదని నాకు తెలుసు. గొంతు సవరించుకున్నాను కూడా.

"పెద్దాయనమ్మా, ఏదో పొరపాటు," అన్నాను. "క్షమించెయ్యి."



"మీరు చెబుతున్నారు కాబట్టి వదిలేస్తాను మేడం," అంది ఆ పిల్ల. "లేకపోతే ఆయన్ని జన్మలో క్షమించేదాన్ని కాదు."