రేవు వీధిలో కొత్తవాళ్లు

ఏలూరులో మేముండే వీధిని రేవు వీధి అనేవారు. నేను పుట్టేనాటికే అక్కడ రేవు లేదు. కాలువ ఉంది, గట్టుకి అరిగిపోయిన రాతిమెట్లు ఉన్నాయి, పడవలు మాత్రం లేవు. మా దాదీ, అంటే నాన్నగారి అమ్మ, కాపురానికొచ్చిన కొత్తలో ఆ మెట్ల దగ్గర పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవట. బందరు వైపు నుంచి ఉప్పు, గోదావరి వైపు నుంచి కలప, బెల్లం వచ్చేవట. పడవవాళ్లు గట్టు మీదే మూడు రాళ్లు పెట్టుకుని వండుకు తినేవారట. కొందరు సరుకుతోపాటు దిగి మళ్లీ పడవెక్కలేదు. అలా దిగిపోయినవాళ్లతోనే మా వీధి ఏర్పడింది. దాదీ మామగారు కూడా అలా వచ్చినవారేనని ఇంట్లో చెప్పుకునేవారు. ఏ ఊరి నుంచి వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు.

నా చిన్నతనంలో వీధంతా తివాచీల పనే. ప్రతి ఇంటి వెనకా ఒక రేకుల షెడ్డు, అందులో నిలువు మగ్గం, దాని ముందు బల్ల మీద వరసగా కూర్చున్న మనుషులు. మా నాన్న డిజైను కాగితం చూసి రంగులు పైకి చెబుతుంటే పక్కనున్న అమ్మా, చిన్నాన్నా ముడులు వేసేవారు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉన్ని నూగు పొగమంచులా తేలుతూ ఉండేది. అన్నంలో కూడా పడేది. నాన్న దగ్గి దగ్గి చనిపోయారు. ఆ నూగే ఆయన ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరుగారు అన్నారు. అప్పటికే ఆర్డర్లు తగ్గిపోయాయి. చూస్తుండగానే ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. చిన్నాన్న కుటుంబం తాడేపల్లిగూడెం వెళ్లి ఉల్లిపాయల గోడౌన్లో బస్తాలు మొయ్యడానికి కుదిరింది. ఎదురింటివాళ్లు పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో గెలలు కొయ్యడానికి పోయారు. వేళ్లతో అంత సన్నపని చేసినవాళ్లు గెడకర్రకి కట్టిన కొడవళ్లు పట్టుకున్నారు. మా మగ్గం దూలాలు పొయ్యిలోకి పోయాయి. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

నేను భీమడోలు బడిలో టీచరునయ్యాను. పొద్దున్నే రైల్లో వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు మోటార్ల వైండింగ్ నేర్చుకుని వీధి చివర చిన్న షాపు పెట్టాడు, పెళ్లి చేసుకుని మాతోనే ఉండేవాడు. కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువుల నుంచే వాడికి పనంతా వచ్చేది. చెరువు నీళ్లలో గాలి ఆడటానికి ఏరేటర్లు తిప్పుతారు. వాటి మోటార్లు కాలిపోతూ ఉండేవి. వాటితో, నా జీతంతో మా ఇల్లు గడిచింది.

ఖాళీ అయిన మగ్గాల షెడ్లలోకి మెల్లిగా కొత్తవాళ్లు వచ్చారు. ముందు కొల్లేరు లంకల్లోని ఊళ్ల నుంచి, వేటకి నీళ్లు మిగలక చెరువుల్లో కూలికి చేరినవాళ్లు. తర్వాత ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి చేపల ప్యాకింగుకి వచ్చినవాళ్లు. ఒక్కో షెడ్డుని అట్టలతో నాలుగు గదులు చేసి అద్దెకిచ్చారు. ఉన్ని వాసన పోయి వీధికి ఐసు నీళ్ల వాసన, చేపల వాసన పట్టుకున్నాయి. పొద్దున్న పంపు దగ్గర నాకు అర్థం కాని మాటలు వినపడేవి. పాత ఇళ్లవాళ్లం అప్పటికి ఓ పది గడపలం మిగిలాం. పక్కింటావిడ రోజూ అమ్మతో అనేది:

"ఏవండీ, ఇది మన వీధేనాండీ? బయటికొస్తే తెలిసిన మొహం ఒక్కటి కనపడదు కదండీ."

అమ్మ మా షెడ్డుని మాత్రం చాలాకాలం ఎవరికీ ఇవ్వలేదు.

చివరికి ఒక వానాకాలంలో ఇచ్చింది. బెంగాల్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. పాతికేళ్లు కూడా ఉండవు ఇద్దరికీ. నెత్తిన గోనెసంచితో, తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డారు. ఆ అమ్మాయి నోటి వెంట సలాం రాగానే అమ్మ లోపలికి రమ్మంది. అతను ప్యాకింగ్ షెడ్డులో ట్రేలకి ఐసు కొట్టి చేపలు సర్దేవాడు. ఆ అమ్మాయి అక్కడే చేపలు ఏరేది. అమ్మని ఖాలా అనేది, అంటే పిన్నమ్మ. మా ఇంటి ఉర్దూ ఆమెకి సగం అర్థమయ్యేది, ఆమె బెంగాలీ మాకు అసలు అర్థమయ్యేది కాదు. అయినా ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఐసులో నానిన ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉండేవి. సాయంత్రాలు అమ్మ వాటికి కొబ్బరినూనె రాసేది. అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆదివారాలు కాలువలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఈదుతుండేవాడు. తూటికాడ అడ్డుపడి, మురుగు కలిసి, మావాళ్లెవరూ ఆ నీళ్లలో కాలు పెట్టడం మానేసి చాలా ఏళ్లయింది. అతన్ని చూసి వీధిలోవాళ్లు ముక్కు మూసుకునేవారు.

రెండో ఏడు ఎండాకాలంలో ప్యాకింగ్ పని తగ్గింది. కూలీల మేస్త్రీ అతన్ని కొల్లేరు వైపు ఒక పెద్ద చెరువు దగ్గర వల లాగడానికి పంపాడు. పొద్దున్నే చద్దన్నం తిని వెళ్లాడు. మధ్యాహ్నం మేస్త్రీ మోటారుసైకిల్ మీద మా గుమ్మం ముందు ఆగాడు. ఆ రోజు బడికి సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను.

"మేడంగారూ, మీ షెడ్డులో కుర్రాడండీ... చెరువులో మునిగిపోయాడండీ. ఈత రాదనుకుంటా."

ఆ అమ్మాయి అప్పుడే తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. తెలుగు ఆమెకి అంతగా రాదు, కానీ ఈత అన్న మాట తెలుసు. కాలువ గట్టున పిల్లలు అతన్ని చూసి అరిచే మాటే అది. ఆమె నా మొహం వంక చూసింది, మేస్త్రీ వంక చూసింది. తర్వాత నేల మీద కూలబడి అరిచిన అరుపు వీధి ఆ చివరిదాకా వినపడింది. పాత గడపలవాళ్లు, కొత్త గదులవాళ్లు అందరూ బయటికొచ్చారు.

పోస్టుమార్టం అయ్యాక శవాన్ని మాకు ఇచ్చేశారు. బెంగాల్ పంపించడం అయ్యే పని కాదని చెరువు తరఫు మనిషి చెప్పేశాడు. అంతదూరం, ఆ ఎండల్లో. వాళ్ల చేపలు మాత్రం రోజూ ఐసులో పడుకుని చెడకుండా అక్కడిదాకా వెళుతున్నాయని తమ్ముడు అన్నాడు.

అమ్మ మసీదు పెద్దాయన్ని పిలిపించింది. ఆయన నాన్నతో కలిసి మగ్గం మీద కూర్చున్న మనిషి. కుర్చీలో కూర్చుని గడ్డం నిమురుకుంటూ నెమ్మదిగా చెప్పారు.

"మన ఖబరస్తాన్‌లో మనవాళ్లకే చోటు చాలడం లేదమ్మా. ఇతనెవరో, ఏ ఊరో, రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెబుతాం? ఇవాళ ఒకరికిస్తే రేపు పదిమంది వస్తారు. ఈ వీధి ఎలా అయిపోయిందో మీరు చూస్తూనే ఉన్నారు కదండీ."

అమ్మ ఎప్పుడూ ఆయన ముందు తలెత్తి మాట్లాడింది కాదు. ఆ రోజు పరదా పక్కకి తీసి ఎదురుగా నిలబడింది.

"భాయిసాబ్, మా మామగారి నాన్నగారు ఈ రేవులో దిగినప్పుడు ఏ ఊరని ఎవరైనా అడిగారా? మీ తాతగారిని అడిగారా? అందరూ ఆ ఖబరస్తాన్‌లోనే ఉన్నారు కదండీ. ఈ అబ్బాయికి చోటు లేకపోతే నాకోసం ఉంచిన చోటు ఇవ్వండి. మావారి పక్కన ఉంది."

"ఆ మాట అనకండి," అని పెద్దాయన లేచి వెళ్లిపోయారు. సాయంత్రం అస్సర్ నమాజుకి ముందు గొయ్యి తవ్వించానని కబురు పంపారు. గోడవారగా, ఎవరూ కోరని మూల అది. చెత్తంతా అక్కడే పోసేవారు. అదైనా ఇచ్చారు.

శవానికి స్నానం చేయించినవాళ్లలో మా తమ్ముడున్నాడు. ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. నేను దగ్గరికి వెళితే గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, కుడి అరచెయ్యి కాలిపోయి ఉంది. కరెంటు పట్టుకున్న చెయ్యి అది. ఏరేటర్ వైరు తెగి నీళ్లలో పడుంటుంది. రోజూ ఆ మోటార్లే విప్పుతాను కదా నేను."

"మరి మునిగిపోయాడని రాశారుగా?"

"అలాగే రాయించారు."

తలుపు వెనక ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఏం విందో, ఎంత అర్థమైందో. తన కుడి అరచెయ్యి తెరిచి మాకు చూపించి, తెలుగులోనే అడిగింది: "కరెంటా?" ఇద్దరం తలొంచుకున్నాం.

మర్నాడు తమ్ముడు చెరువు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. గట్టు మీద ఎండ మండిపోతోంది. ఏరేటర్లు ఎప్పటిలా నీళ్లు చిమ్ముతున్నాయి. గుమాస్తా మమ్మల్ని నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అయ్యో, మీరు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లండీ. పోయినవాడు ఎలాగూ రాడు. మీకెందుకండీ ఈ గొడవ? తమ్ముడుగారి షాపుకి మా మోటార్లు వస్తూనే ఉన్నాయి కదండీ."

"వాటి సంగతి తెలుసు కాబట్టే వచ్చానండీ," అన్నాడు తమ్ముడు. మజ్జిగ ముట్టుకోలేదు.

అక్కడి నుంచి పోలీస్ స్టేషనుకి వెళ్లాం. మాట విన్నారు, కూర్చోమన్నారు, మళ్లీ రమ్మన్నారు. రెండుమూడుసార్లు తిరిగాం. అతనితో చెరువులో వల లాగినవాళ్లని సాక్ష్యానికి తెమ్మన్నారు. వాళ్లు అప్పటికే వేరే చెరువులకి వెళ్లిపోయారు, ఏ చెరువో మేస్త్రీ చెప్పలేదు. ఆ నెలలోనే తమ్ముడి షాపుకి మోటార్లు రావడం ఆగిపోయింది. ఆ ఒక్క చెరువువాళ్లే కాదు, అందరూ ఆపేశారు. షాపు ముందు ఖాళీగా కూర్చుని వాడు పాత కాయిళ్ల రాగి తీగలు చుట్టలు చుడుతూ ఉండేవాడు. దీపావళి వెళ్లాక షాపు మూసేసి తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో పనికి చేరాడు. భార్యని, పిల్లల్ని కూడా అక్కడికే తీసుకెళ్లాడు.

ఆ అమ్మాయి ఇద్దత్ గడపడానికి మా షెడ్డు వదిలి లోపలి గదిలోకి వచ్చేసింది. భర్త పోయిన ఆడది గడప దాటకుండా గడిపే నెలలు అవి. అమ్మ పక్కనే పడుకునేది. చేపల కూర వండితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఇంట్లో చేప వండటం మానేశాం. గడువు అయ్యాక మరిది వచ్చాడు. ఆమెకి వెళ్లాలని లేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, "ఖాలా, ఇక్కడే ఉంటాను. ఐసు పని చేసుకుంటాను," అంది.

"నా కూతుర్లా ఉంటుంది బాబూ, ఉండనివ్వు," అని అమ్మ అతన్ని బతిమాలింది.

అతను నేల చూపులు చూస్తూ, "మా అమ్మ ఒప్పుకోదు," అన్నాడు. ఏలూరు స్టేషన్లో ఆమెని హౌరా రైలు జనరల్ పెట్టెలో ఎక్కించాం. ఎవరో లోపలికి నెట్టేశారు, కిటికీ దాకా రాలేకపోయింది. రైలు కదిలేదాకా అమ్మ ఆ పెట్టె వెంబడి నడుస్తూ లోపలికి చూస్తూనే ఉంది. కొన్నాళ్లు ఆ అమ్మాయి ఫోన్లు చేసింది. మళ్లీ పెళ్లి చేశారని ఒకసారి చెప్పి ఏడ్చింది. తర్వాత ఆ నంబరు పలకలేదు.

అమ్మ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. నాన్న పక్కనే చోటు దొరికింది. ఇల్లు అమ్మేశాం. కొన్నాయన చేపల వ్యాపారి, గోడలు పడగొట్టి ఐసు నిలవచేసే గోడౌన్ కట్టాడు. పక్కింటావిడ కూడా కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు రేవు వీధిలో పాత గడప ఒక్కటీ లేదు. నేను ఊరి ఇంకో చివర రెండు గదుల్లో ఉంటున్నాను.

అప్పుడప్పుడు ఖబరస్తాన్‌కి వెళ్లి గేటు దగ్గర నిలబడి దువా చేసి వస్తాను. అతన్ని పెట్టిన మూల ఇప్పుడు ఒంటరిగా లేదు. వరసగా మట్టికుప్పలు. లారీ కింద పడినవాడు, జ్వరంతో పోయినవాడు, ఇంకెవరో. అందరూ బెంగాల్ వైపు నుంచి వచ్చినవాళ్లే. ఏ కుప్ప మీదా రాయి లేదు, పేరు లేదు. ఈమధ్య వెళ్లినప్పుడు మసీదు పెద్దాయన కర్ర ఊతంతో గేటు దగ్గర కనపడ్డారు. ఎండలో నిలబడి మనుషుల చేత ఇంకో గొయ్యి తవ్విస్తున్నారు.

"ఎవరికండీ?" అన్నాను.

"ప్యాకింగ్ షెడ్డు పిల్లవాడమ్మా. ఎవరూ రాలేదు. నేను వచ్చాను," అన్నారు.