రాయమల్లు తట్టనిదే ముట్టడు

రాయమల్లు గోడలు తట్టేది లోపల దాచిన బంగారం కోసమని బొగ్గుబాయి క్వార్టర్ల లైన్లలో చెప్పుకుంటున్నారు. అబద్ధం. బంగారం కావాలనుకునేవాడు కూలోళ్ల గోడలు ఎందుకు తడతాడు? చేతబడి అన్నదీ అబద్ధమే. ఉన్న నిజం ఒక్కటే. చేతికర్రతో తట్టి, చెవి పెట్టి వినకుండా రాయమల్లు దేన్నీ ముట్టడు.

హనుమండ్లు హోటల్లో చాయ్ వస్తే ముందు గ్లాసును తడతాడు.

"కాకా, తాగుతవా, ఇంటవా?" అంటాడు హనుమండ్లు.

"ముందుగాల ఇంట."

వినేసరికి చాయ్ మీద మీగడ కడుతుంది. ఒకసారి భూమవ్వ ఇంట్లో బియ్యం గోలెం తట్టి, "సగమే ఉన్నయి" అన్నాడు. నిండా ఉన్నాయని అత్తతో చెప్పిన భూమవ్వ ఆ రోజు నుంచి ఆయనను గడప తొక్కనివ్వలేదు.

ఇలాంటి మనిషి తన ఇంటి చుట్టూ తిరిగితే తారాబాయికి అనుమానం రాదా? ఆమె మగడు మొగిలి బాయిలో బొగ్గు నింపుతాడు. మొన్నటి వానల్లో బాయి లోపల అతని పక్కనే పైకప్పు కూలింది. దెబ్బ తగల్లేదు గానీ, అప్పటి నుంచి బాయి దగ్గరికి పోవడం, దిగకుండానే తిరిగి రావడం. సోమవారం దిగకపోతే పేరు కొట్టేస్తామన్నారు. పేరుతో పాటు క్వార్టర్ కూడా పోతుంది. సరిగ్గా ఆ వారమే, కట్టెల అడితిలో కాపలా ఉండే రాయమల్లు పొద్దున్నే వచ్చి, దర్వాజా తట్టి, మొగిలిని తోలుకుపోవడం మొదలుపెట్టాడు.

"యాడికి పోతుండ్రు?" అంది తారాబాయి.

"ఉత్తగ నడిశొస్తం."

"ఉత్తగ నడుస్తానికి ముసలోడెందుకు?"

మొగిలి చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. కల్లుకేనేమోనని అతని నోరు వాసన చూసింది. వేపపుల్ల వాసన తప్ప ఏమీ లేదు. దాంతో అనుమానం రెట్టింపయింది.

శనివారం వెనకాలే వెళ్లి తంగేడు పొదలో నక్కింది. ఇద్దరూ పదడుగులకోసారి ఆగుతున్నారు. రాయమల్లు చెట్టునో బండనో తడతాడు, ఇద్దరూ కళ్లు మూసుకుంటారు. మంత్రమే, ఇంక సందేహం లేదనుకుంది.

"ఏమినవడ్తుందిరా?"

"నీ కర్ర సప్పుడు."

"ఇంక?"

"గువ్వ."

"ఇంక?"

"పొదల ఎవలో తుమ్ము ఆపుకుంటుండ్రు."

"అది నీ పెండ్లాం. ఇంటికాడికెల్లి ఎన్కనే వస్తుంది."

తారాబాయి తుమ్మేసి, కొంగు దులుపుకొని బయటికొచ్చింది. "మా ఇంటాయనకు ఏం జేస్తున్నవ్ కాకా?"

"బాయిల కప్పు తట్టి ఇంటం బిడ్డా. గట్టిగ మోగితే మంచిది, డొల్లగ పలికితే పక్కకు జరుగుతం. వీని మనసు సోమారం కూలే కప్పు కింద ఇప్పుడే పోయి నిలవడ్డది. జర దాన్ని గీ చెట్టు కాడికి తోల్కరావాలె."

"గంతేనా?"

"గంతే. ఊపిరి సుత ఇనాలె. నీది దూరం దాక ఇనవడ్తుంది."

సోమవారం మొగిలి దారి పొడుగునా తట్టుకుంటూ, వింటూ పోయి, బాయిలోకి దిగాడు. వెంట వచ్చిన తారాబాయి తిరిగి చూస్తే రాయమల్లు పక్కనే, చెమటతో తడిసి నిలబడి ఉన్నాడు.

"నీకేమైంది కాకా?"

"నా మీద బాయి కప్పు పడ్డంక అడితి పనికి మారిన. మూడేండ్ల సంది గీ దిక్కు రాలే. వాన్ని నేను తోల్కొచ్చిననుకున్నవా? ఒక్కన్ని రాలేకనే వాన్ని లేపిన."

ఇది నిజమా, మొగిలి చిన్నబోకుండా అన్న మాటా అని తారాబాయికి ఇప్పటికీ అనుమానమే.

ఇప్పుడు మొగిలి పనికి ఒక్కడే పోతున్నాడు, అడితి దాకా రాయమల్లూ ఒక్కడే. ఆ దిక్కు పోయేవాళ్లు ఆయనను కాస్త చూసుకోండి, నాలుగడుగులు కలిసి నడవండి. ఏమి వినబడుతుందని అడుగుతాడు. ఏమీ లేదని మాత్రం అనకండి. ఏదో ఒకటి వినబడేదాకా కదలనివ్వడు.