మూడు బాటల కాడి తాయెత్తు

మా దాదీ, అంటే నాన్నను కన్న తల్లి, కట్టిన తాయెత్తు లేని పసిమెడ మా గల్లీలో ఉండేది కాదు. హిందువులా, ముస్లిములా అని చూసేది కాదు. చిన్న వెండి గొట్టంలో మౌలాలి గుట్ట మీది దర్గా ఊదు బూడిద చిటికెడు, వసకొమ్ము ముక్క పెట్టి, మూతిని లక్కతో మూసి, అటూ ఇటూ నల్లపూసలు వేసి నల్లదారానికి గుచ్చేది. ముడి మాత్రం ఆమే వేయాలి. పిల్లలు తెంపుకుంటే తల్లులు మళ్లీ మా ఇంటికి రావాల్సిందే. ముస్లిములమైనా ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే, దాదీ దిష్టి తీస్తూ గొణిగేదీ తెలుగే.

పక్కింటామెకు ఇద్దరు పిల్లలు పోయాక ఒక కొడుకు దక్కాడు. వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టడం, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి మూడు బాటల కాడ పారేయడం ఆమెకు నేర్పింది దాదీయే.

పోలీసు యాక్షన్ అయింది. మిలిటరీ లారీలు బొల్లారం వైపు పోతుంటే తలుపులేసుకుని కూర్చున్నాం. మా ఇంటి మీద ఒక్క రాయి కూడా పడలేదని నాన్న బతికినన్నాళ్లూ మురిసిపోయాడు. నాకు ఆ మురిపెం లేదు.

కొన్నాళ్లకు, పక్కింటామె అన్నను యాక్షన్‌కు ముందే వాళ్ల ఊళ్లో రజాకార్లు చంపారని కబురొచ్చింది. ఏడుపు విని దాదీ పరుగెత్తింది. ఆమెను లోపలికి రానిచ్చారు గానీ ఎవరూ కూర్చోమనలేదు. ఆ వారమే పిల్లవాడికి జ్వరమొచ్చింది.

ఒక పొద్దున నేనూ దాదీ పాలకు బయల్దేరాం. మూడు బాటలు కలిసే చోట ఎవరో దిష్టి పారేశారు. నన్ను పక్కకు లాగబోయి దాదీ ఆగిపోయింది. ఉప్పు, మిరపకాయల మధ్య పక్కింటి పిల్లవాడికి ఆమె కట్టిన తాయెత్తు పడి ఉంది. దారాన్ని కత్తెరతో కోసేశారు. దిష్టి తీసినవి ముట్టొద్దని గల్లీ అంతటికీ చెప్పిన మనిషి, వంగి దాన్ని తీసి కొంగున ముడేసుకుంది.

పక్కింటామె గడపలోనే ఉంది, చంకలో పిల్లవాడు.

"నేనేం జేసిన బిడ్డా?" అని అడిగింది దాదీ.

"నీ కండ్లు మంచియి కావంటున్నరు పెద్దమ్మా. జెర మా దిక్కు సూడకు," అంటూ ఆమె పిల్లవాడి మొహం మీద కొంగు కప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెకు అన్న పోయిన దుఃఖం నాకిప్పుడు అర్థమవుతుంది. ఆ కొంగును మాత్రం ఈనాటికీ క్షమించలేను. తర్వాత పిల్లవాడికి నెమ్మదించింది. తాయెత్తు పారేశాకే తగ్గిందని గల్లీ తీర్పు చెప్పేసింది. ఇక మా గడప తొక్కినవాళ్లు లేరు.

దాదీ వాళ్లను తిట్టిపోసి ఉంటే బాగుండేది. తిట్టలేదు, నమ్మింది. జన్మంతా దిష్టిని నమ్మిన మనిషి, తన కళ్లనూ అనుమానించడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడినా గోడవైపు చూసే మాట్లాడేది.

చలికాలంలో మాకు తమ్ముడు పుట్టాడు. అమ్మ తెచ్చి ఒళ్లో పెడితే దాదీ కళ్లు గట్టిగా మూసుకుంది. తడుముకుంటూనే వాడి మెడ వెతికి కొత్త తాయెత్తు కట్టింది. కళ్లు తెరవకుండానే నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎవరి పోలిక బిడ్డా?"

"అచ్చం నీ పోలికే దాదీ."

దాదీ వాడి రెప్పలు తడిమింది. "కండ్లు సుత నాయేనా?"

"కాదు, కండ్లు అమ్మవి," అని అబద్ధం చెప్పాను.