మగ్గమింటి ముడి

నా చిన్నప్పుడు నేను చేసిన పాడుపనిని ఒక నాలుగేళ్ల పిల్ల మీదికి తోసేశాను. ఆ పిల్ల తిన్న దెబ్బ నేను తినాల్సింది.

అది అరవై తొమ్మిది ఉద్యమం నాటి మాట. సిరిసిల్లలో మా బడి మూతపడింది. పొద్దంతా ఊరేగింపుల వెనక ఉరకడమే మా పని. చలి ఇంకా పోలేదు. పక్కింటి అక్క పెళ్లికి ముందు జగిత్యాలలో ఒక దవాఖానలో ఆయాగా చేసి, అక్కడి నర్సమ్మల దగ్గర ఉన్ని అల్లిక నేర్చుకుంది. ఊరికే తిరిగే నాకూ కాస్త నేర్పింది. కోరుట్లలో వాళ్లమ్మకు మడమలు పగిలి నెత్తురు కారుతోందని కబురొస్తే, ఆమె కోసం మేజోళ్లు అల్లుతోంది. వారంగా బస్సుల్లేవు. మర్నాడు పొద్దున ఒక బస్సు కోరుట్ల పోతుందని తెలిసింది. మళ్లీ ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఒక మేజోడు అయిపోయింది. రెండోది మడమ దగ్గరికి వచ్చింది.

మధ్యాహ్నం అక్క బిడ్డను నా దగ్గర వదిలి నీళ్లకు పోయింది. ఆమె వచ్చేలోగా మడమ అల్లేసి శభాష్ అనిపించుకోవాలనుకున్నాను. బయట 'జై తెలంగాణ' కేకలు దగ్గరవుతున్నాయి. ఆ ఊపులో నా చేతులూ ఉరికాయి. కానీ మాది మగ్గమున్న ఇల్లు. పోగును మోసే నాడె ఈ అంచున బయలుదేరితే ఆ అంచుకు చేరాల్సిందే. నేనూ ప్రతి వరుసా చివరిదాకా అల్లాను. ఎంత అల్లినా వంపు రాలేదు, మడమ గొట్టంలా సాగింది. విసుగొచ్చి సూది లాగేశాను. కుట్లు జారాయి, ఉన్ని చిక్కుపడింది. చిక్కును కత్తిరించి కొసలు ముడేసేసరికి అక్క వచ్చింది.

"నీ బిడ్డ గుంజిందక్కా" అనేశాను.

ఆ పిల్ల వీపు మీద ఒకటి పడింది. ఏడుస్తూ నన్నే చూసింది. చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. ఊరేగింపు ఆ గుమ్మం ముందునుంచే పోయింది. నేను వెనక ఉరకలేదు.

చిక్కు విప్పుతున్న అక్క వేళ్లు ఒకచోట ఆగాయి.

"ఓ పిలగా, ఇటు రా. గింత సన్న ముడి నాలుగేండ్ల పిల్లకు ఎయ్యస్తదారా? గిది మగ్గమింటి ముడి."

నేను తల దించుకున్నాను. కొడుతుందనుకున్నాను. సూదులు నా చేతికిచ్చింది.

"అంచుదాక పోకు. ఒక్క కుట్టు ఇడిచిపెట్టి గీడనే తిర్గు."

"సగంల తిరుగుతరా అక్కా? బట్ట పాడైతది గదా!"

"మగ్గం మీద పాడైతదేమో. గీడ తిరుగకుంటే మా అమ్మ కాలు పట్టదు. నువ్వు గూడ అబద్ధం సగంలనే ఉన్నవ్. తిర్గు."

ముందు అక్క బిడ్డ దగ్గరికి పోయి, వాకిట్లో అందరూ వినేలా చెప్పాను, ఆ పని చేసింది నేనేనని. తర్వాత కూర్చున్నాను. వరుసకో కుట్టు వదిలి తిరగడం, వదిలినవాటిని ఒక్కొక్కటే మళ్లీ కలుపుకోవడం. రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ అక్క విప్పించింది. పొద్దు గుంకేవేళకు నా వేళ్ల కింద చిన్న గిన్నెలా మడమ గుంట కుదిరింది! ఎగిరి గంతేశాను. బిడ్డను ఇంట్లోవాళ్ల దగ్గర వదిలి, కాలివేళ్ల భాగం ఇంకా అల్లాల్సిన మేజోడుతో అక్క పొద్దున్నే బస్సెక్కింది, దారిలో అల్లుకుంటానని.

ఇప్పటికీ తప్పు మాట నోట వచ్చిందని తెలిస్తే దాన్ని చివరిదాకా లాగను. సగంలోనే తిరుగుతాను. సిగ్గనిపిస్తుంది, అయినా తిరుగుతాను.

అక్క కోరుట్ల నుంచి వచ్చేలోగా మిగిలిన ఉన్నితో ఆ పిల్లకు జత మేజోళ్లు అల్లాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నేను గుమ్మంలోకి వెళ్లగానే మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకుంది. కింద కూర్చుని రెండు కాళ్లకూ తొడిగాను. మడమలు సరిగ్గా పట్టాయి. అప్పుడు తడిమి చూసుకోవడానికి, ఆ చేతులు ముందుకొచ్చాయి.