లేని వరదగుడి

టెలిస్కోపు కొన్న కొత్తలో నేను ఆకాశాన్ని చూసిన దానికంటే ఫోను తెరను చూసిందే ఎక్కువ. వనపర్తిలో మా డాబా మీద దాన్ని నిలబెట్టి, కన్ను ఆనించే చిన్న అద్దానికి, అంటే ఐపీస్‌కి, ఫోను కెమెరా తగిలించి ఫొటోలు తీసేదాన్ని. ఒక్కటీ సక్రమంగా వచ్చేది కాదు. ఒకసారి చంద్రుళ్లు ఇద్దరయ్యేవాళ్లు, ఇంకోసారి అంచంతా ఊదారంగు పూసుకునేది. కాలేజీలో కాంతి పాఠాలు చెప్పే నాకు ఈ తిరకాసులు తిక్క పుట్టించేవి. అయినా వదలబుద్ధి కాలేదు.

ఆ ఏడు ఏరువాక పున్నమినాడు పొద్దు గూకగానే చంద్రుడు నిండుగా లేచాడు. మా అత్తమ్మ కూడా డాబా ఎక్కింది. ముందు ఆమెకే చూపించాను.

"అవ్వో, మొఖం నిండ అమ్మవారు పోసిన మచ్చలే గదనే!" అని మురిసిపోయింది.

ఆమె దిగిపోయాక ఫోను బిగించి ఫొటో తీశాను. చంద్రుడి చుట్టూ, బాగా ఎడంగా, ఎర్రటి వలయం వచ్చింది. చూడ్డానికి బాగుందని మా పుట్టింటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, కిందికెళ్లి అన్నం తిని పడుకున్నాను. తలెత్తి ఒక్కసారి మామూలు కళ్లతో చంద్రుణ్ని చూడాలన్న ఆలోచనే రాలేదు.

తెల్లవారుతుండగా మా అన్న ఫోన్ చేశాడు. బిజినేపల్లి దగ్గర ఆయనకు మెట్ట చెలక ఉంది. బోరు లేదు, వానే దిక్కు.

"చెల్లె, నువ్వు పెట్టిన ఫొటో ఇప్పుడే సూసిన. గుడి ఎంత దూరం కట్టిందో! దూరపు గుడి, దగ్గర వాన. కూలోళ్లకు చెప్పిన. ఇయ్యాల పత్తి గింజలు పెట్టిస్తున్న."

చంద్రుడి చుట్టూ వలయం కడితే మావాళ్లు వరదగుడి అంటారు. అది చంద్రుడికి ఎంత దూరంగా ఉంటే వాన అంత దగ్గర్లో ఉన్నట్టు. మొదటి జల్లుకు తడిసిన నేల అప్పటికే ఆరిపోతోంది. గింజ పెట్టాక వాన రాకపోతే మొలక మట్టిలోనే మాడిపోతుంది. కిందటేడు అన్నకు అదే జరిగింది. మళ్లీ విత్తనం తెచ్చుకునే శక్తి ఇప్పుడు ఆ ఇంటికి లేదు.

"జర ఆగన్నా. ఆ గుడి నిజమైందో కాదో చూసి చెప్త."

"గుళ్లల్ల అబద్ధపు గుడి గూడ ఉంటదా చెల్లె?"

"ఉంటది. నేను చెప్పేదాక గింజ పెట్టనియ్యకు."

జుట్టు ముడేసుకుంటూ డాబా మీదికి పరుగెత్తాను. పున్నమి చంద్రుడు కనుక పడమట ఇంకా మసకమసకగా ఉన్నాడు. ఉత్త కళ్లతో చూస్తే చుట్టూ ఏమీ లేదు. కానీ రాత్రి కట్టి విడిపోయిందేమో, ఎవరికి తెలుసు? గురిపెట్టి ఫొటో తీశాను. వలయం అలాగే ఉంది, కిందివైపు కాస్త మందంగా. ఫోను కదలకుండా పట్టుకుని ఐపీస్‌ను మెల్లగా తిప్పాను. ఆ మందం కూడా తిరిగి పక్కకు వచ్చింది. ఆకాశంలోని గుడి నా వేళ్లతో పాటు తిరగదు కదా! ఐపీస్ ఊడదీసి వెలుగుకు పెట్టి చూశాను. గాజు మీద సన్నటి జిడ్డు పొర ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన.

కళ్లు చల్లబడతాయని పండుగ పూట కనుబొమలకూ రెప్పలకూ ఆముదం రాసుకోవడం మా అత్తమ్మకు అలవాటు. ఆ రెప్పలే గాజుకు ఆనాయి. మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీస్తే చంద్రుడు కడిగిన ముత్యంలా వచ్చాడు.

అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. గింజలు మట్టిలో పడిపోతున్నట్టే అనిపించింది. చివరికి ఎత్తాడు.

"సాళ్లు పట్టినం. గింజ ఇంక పెట్టలే. నువ్వు ఆగమంటివి గదా, అందర్ని గట్టు మీద కూసుండబెట్టిన."

"అది గుడి కాదన్నా. మా అత్తమ్మ రెప్పల ఆముదం!"

అన్న పగలబడి నవ్వాడు. "ఆముదంతోని వాన తెప్పిస్తుంటివి గదనే!" అని, కూలీల రోజు పోకుండా చేనులో రాళ్లు ఏరమని పురమాయించాడు.

నా తప్పును ఇంకొకరి నెత్తిన రుద్దడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "రాత్రి నువ్వన్నా బయటికొచ్చి చంద్రుణ్ని చూడొద్దా?" అని కోప్పడ్డాను.

"సూడకేం? మంచం ఆరుబయటనే ఏస్కుంట. నాకైతే గుడి కనబడలే. నీ దుర్బిన్ల కనబడ్డదంటే, అది నా కండ్ల కన్న దూరం సూసుంటది అనుకున్న. నువ్వు పెట్టినంక ఇంక ఏం అనుమానం?"

ఏళ్ల తరబడి మబ్బూ మొగులూ చూసి సేద్యం చేసిన మనిషి, తన కళ్లను పక్కనబెట్టి నా ఫొటోను నమ్మాడు. మళ్లీ నా ఒక్క మాటకు చేనంతా ఆపేశాడు. ఎందుకు ఆగాలని కూడా అడగలేదు. అలాంటి అన్న దొరికినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక కళ్లనీళ్లు తుడుచుకున్నాను.

"ఇకనుంచి ముందు నువ్వు చూసి చెప్పాలన్నా. ఆ తర్వాతే నేను ఫొటో తీస్త" అన్నాను.

ఆ పక్షమంతా చినుకు పడలేదు. వాన వచ్చాకే అన్న గింజలు పెట్టాడు. ఇప్పటికీ వెన్నెల రోజుల్లో పొద్దు గూకగానే ఆయన ఫోన్ వస్తుంది.

"చెల్లె, చంద్రుడు మంచిగున్నడు. గుడి గిడి ఏం లేదు. తీస్కో."